కురే డాకులో ఒక సన్నని గీత

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, ఏప్రిల్ మొదట్లో, న్యూజెర్సీలోని మా ఆఫీసు నన్ను జపాన్‌లోని కురే రేవుకు పంపించింది. హోదా ప్రిన్సిపల్ సర్వేయర్. పని, అక్కడ డ్రై డాకులో నీళ్ళు తోడేసి నిలబెట్టిన ఒక సరుకు ఓడ అడుగు జాయింట్లు పరీక్షించి, అది మళ్ళీ సముద్రంలోకి దిగవచ్చో లేదో రాసివ్వడం.

మా వృత్తి గురించి బయట పెద్దగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఓడ గట్టిగా ఉందని ధ్రువీకరించే పత్రాన్ని క్లాస్ సర్టిఫికెట్ అంటారు. అది లేని ఓడకు బీమా దొరకదు, బీమా లేని ఓడకు సరుకు దొరకదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలో పనిచేసే ఇంజినీరే సర్వేయర్. ఓడ యజమానికి గాని, రిపేరు చేసే యార్డుకు గాని అతను చెందడు. ఇద్దరూ అతని సంతకం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. నేను 'అతను' అని రాస్తున్నాను గాని, నేను చేరిన కొత్తలో మా ఆఫీసులో బాయిలర్ సూట్ వేసుకుని ట్యాంకుల్లోకి దిగే ఆడదాన్ని నేనొక్కతెనే.

నా ప్రత్యేకత అలసట పగుళ్ళు. లోహానికి కూడా అలసట ఉంటుంది. అల కొట్టిన ప్రతిసారీ ఓడ ఒళ్ళు కాస్త వంగి, మళ్ళీ సరి అవుతుంది. ఏళ్ళ తరబడి అలా వంగీ వంగీ, బరువంతా వచ్చి పడే మూలల్లో వెంట్రుకలాంటి పగులు పుడుతుంది. దాన్ని మొదట్లోనే పట్టుకోవాలి. కురేలో ఉన్న ఓడకు అదే నమూనాలో కట్టిన తోబుట్టువులు మరి కొన్ని ఉన్నాయి. వాటిలో రెండింటికి ఒకే మూలలో పగుళ్ళు వచ్చాయి. అందుకని ఈ ఓడకు స్థానిక సర్వేయర్ చాలడని, నన్ను పంపమని యజమానులే అడిగారు.

ఎడిసన్‌లో ఇంటికి వెళ్ళి చెప్పగానే మా ఆయన భాస్కర్ గారు టీవీ కట్టేశారు.

"కురేనా?" అన్నారు.

అప్పటికి మూడేళ్ళ కిందట ఆయనకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగ్గా ఆడవు. మాట వస్తుంది గాని, ఒక్కో మాటనూ వెతికి తెచ్చుకున్నట్టు పలుకుతారు. దూరప్రయాణం విమానంలో వద్దని డాక్టర్లు తేల్చేశారు.

"అవునండీ. వారం పని."

"మితరాయ్ వెళ్తావా?"

"పనికి వెళ్తున్నాను కదా. కుదిరితే వెళ్తాను."

"కుదుర్చుకోవే," అన్నారు. ఆ ఒక్క మాట పూర్తి చెయ్యడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆయన మెరైన్ ఇంజినీరు. మా పెళ్ళికి ముందు, కొత్తగా కడుతున్న ఓడలో ఇంజిన్ బిగింపు దగ్గరుండి చూసుకోమని కంపెనీ ఆయన్ను కురేకు పంపింది. ఒక చలికాలం, ఒక వేసవి అక్కడే ఉన్నారు. ఆదివారం వస్తే పడవెక్కి దీవులకు పోయేవారు. వాటిలో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఊరు మితరాయ్. తెరచాప ఓడల కాలంలో, గాలి తిరిగేదాకా, పోటు వచ్చేదాకా ఓడలు ఆగి ఎదురుచూసిన చిన్న రేవు అది. ఊరి వెనక కొండమీదంతా నారింజ తోటలు. రాతి గోడమీద కూర్చుంటే ముందు నుంచి ఓడలు పోతూ ఉంటాయి. పెళ్ళైన కొత్తలో విశాఖపట్నం బీచ్‌లో కూర్చుని ఆయన నాకు ఇదంతా చెప్పారు. "కురే అంటే మన వైజాగే ఇందూ. కొండలు, కొండల కింద నేవీ ఓడలు, షిప్‌యార్డ్ సైరన్. దీవులు అదనం. నిన్ను తీసుకెళ్తాను చూడు."

తీసుకెళ్ళడానికి వీలు పడలేదు. ఆయన సముద్రం మీద ఉన్నప్పుడు నేను డిజైన్ ఆఫీసులో ఉన్నాను. ఒకసారి ఆయనతో పాటు ఓడలో వెళ్ళాను గాని, ఆ ఓడ జపాన్ వైపు తిరగలేదు. తర్వాత నా ఉద్యోగం కోసం అమెరికా వచ్చాం. ఆయన సముద్రం వదిలి ఒడ్డు ఉద్యోగంలో చేరారు. పాప పుట్టింది, ఇల్లు కొన్నాం. ప్రతి వేసవికీ ముందు "ఈసారి కురే" అనుకునేవాళ్ళం. ఆ వేసవి కాస్తా ఇండియా టికెట్లకు సరిపోయేది.

జెర్సీ సిటీలో ఉండే మా అమ్మాయి సింధు వాళ్ళ నాన్నను చూసుకోవడానికి వారం పాటు ఎడిసన్ వచ్చింది. నేను బయల్దేరాను.

కురే నిజంగానే విశాఖపట్నంలా ఉంది. రైలు దిగి హోటలుకు నడుస్తుంటే మూడువైపులా కొండలు, ఒకవైపు సముద్రం, క్రేన్లు, తారు వాసన. జపాన్ నేవీకి ఇది పాత స్థావరం. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌకను ఇక్కడే కట్టారు. యుద్ధంలో బాంబులు పడి ఊరు చాలావరకు కాలిపోయింది. ఇప్పుడు రేవు పక్కనే ఒక మ్యూజియం, దాని ఎదురుగా రోడ్డు పక్కన నేలమీద నిలబెట్టిన ఒక నిజం సబ్‌మెరీన్ ఉన్నాయి. ఇంకాస్త ముందుకు పోతే, నీళ్ళలో తేలుతున్న సబ్‌మెరీన్లనే రోడ్డు మీంచి చూడవచ్చు. వైజాగ్‌లో అయితే అలాంటి చోట కారు ఆపనిస్తారా! హోటళ్ళలో ఒక్కో నేవీ ఓడ పేరు మీద ఒక్కో రకం కూర అమ్ముతారు. కూర అంటే మన కూరే. ఇంగ్లీషు వాళ్ళ ద్వారా అక్కడి నేవీకి చేరిందట. చిక్కగా, తియ్యగా, ఎవరో మన వంటను చిన్నప్పుడెప్పుడో తిని గుర్తు తెచ్చుకుని వండినట్టు ఉంది. ఆ మాట ఫోనులో చెబితే ఆయన నవ్వారు. స్ట్రోక్ తర్వాత అలా నవ్వడం తక్కువ.

రోజూ పొద్దున్నే డాకుకు వెళ్ళేముందు ఇంటికి ఫోన్ చేసేదాన్ని. అక్కడ అప్పుడు సాయంత్రం. ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు. వాతావరణం ఎలా ఉంది, మితరాయ్ ఎప్పుడు. ఆయన అక్కడ పనిచేసిన రోజుల్లో పడవ తప్ప దారి లేదు. ఇప్పుడు దీవి నుంచి దీవికి వంతెనలు కట్టారు, బస్సు పోతుంది. అయినా వెళ్ళిరావడానికి ఒక పూట పూర్తిగా కావాలి. మా పనిలో ఆ పూట లేదు. చీకటి పడేదాకా ట్యాంకుల్లో పాకుతూ ఉండేదాన్ని.

సరుకు నింపే గదిని హోల్డు అంటారు. హోల్డు అడుగూ, ఏటవాలుగా వచ్చే పక్క గోడా కలిసే మూల మీదే మా అనుమానమంతా; దాన్ని కిందనున్న ట్యాంకులోకి దిగి చూడాలి. పరీక్ష పద్ధతి సులువే. వెల్డింగు మీద పలచగా తెల్ల పెయింటు కొట్టి, అయస్కాంతం ఆనించి, నల్లని ఇనుప రజను కలిపిన ద్రవం చల్లుతారు. పగులు ఉంటే రజను దాని వెంట చేరి నల్లని గీతలా నిలుస్తుంది. ఒకటీ రెండూ హోల్డులు శుభ్రంగా వచ్చాయి. మూడో హోల్డులో ఒక గీత కనిపించింది.

గీత కనిపిస్తే వెంటనే కంగారు పడం. పైపొరను అనుమతించిన లోతు వరకు నున్నగా అరగదీసి మళ్ళీ పరీక్షిస్తాం. గీత పోతే అది పైపై లోపం, వదిలేయవచ్చు. పోకపోతే పగులు. అప్పుడు ఆ రేకును కోసి తీసి, కొత్త రేకు అతకాలి. అరగదీశారు, మళ్ళీ పరీక్షించారు. యార్డు టెక్నీషియన్ పోయిందన్నాడు. నేను టార్చి పెట్టి చూశాను. పోయినట్టే ఉంది, ఒక కోణం నుంచి మాత్రం సన్నని నీడలా ఏదో ఉన్నట్టూ ఉంది.

ఓడ యజమానుల తరఫున అక్కడ ఉన్నది రమణారెడ్డి అనే సూపరింటెండెంట్. మనవాడే, హ్యూస్టన్‌లో ఉంటాడు, వరంగల్ వైపు మనిషి. నాకంటే చాలా చిన్నవాడు. ట్యాంకులోంచి పైకి వచ్చేసరికి డెక్కు మీద నిలబడి ఉన్నాడు.

"మేడమ్, ఫ్రాంక్‌గా చెప్పండి. రేకు కట్ చేయాల్నా?"

"ఇంకా చెప్పలేను."

"ఎల్లుండితోని మన డాక్ స్లాట్ అయిపోతది. వెనక ఇంకో షిప్ వెయిటింగ్‌ల ఉంది. కొత్త ప్లేట్ తెప్పించాలంటే ఇంకో వారం పడుతది. షిప్‌ని కిరాయికి తీసుకున్నోళ్ళు చార్టర్ క్యాన్సిల్ చేస్తే నన్ను ఎవ్వరూ వదిలిపెట్టరు."

"అది నా లెక్కలోకి రాదని మీకు తెలుసు కదా రమణారెడ్డి గారూ."

"తెలుసు మేడమ్. అందుకే కట్ చేయొద్దని అంటలేను. డిసైడ్ చేయమంటున్నా."

అతను తప్పుగా ఏమీ మాట్లాడలేదు. అతని స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. నా ఉద్యోగ జీవితమంతా అలాంటి తొందర పెట్టేవాళ్ళ ముందు నిలబడి 'ఆగండి' అనడమే. ఆ మాట నా నోట్లో అలవాటుగా సిద్ధంగా ఉంటుంది. సాయంత్రం యార్డు ఆఫీసులో కూర్చుని రిపోర్టు తెరిచాను. 'అవశేష పగులు ఉన్నట్టు అనుమానం, రేకు మార్చవలెను' అని టైపు చేయడం మొదలుపెట్టాను.

సగం వాక్యంలో నా వేళ్ళు ఆగాయి. కొత్త రేకు కోబే నుంచో ఎక్కడి నుంచో రావాలి. అది వచ్చేదాకా నాకు చేసే పని ఉండదు. అంటే కనీసం మూడు రోజులు ఖాళీ. నేను మనసులో అప్పటికే బస్సు ఎక్కేశాను. రాతి గోడమీద కూర్చుని ఆయనకు వీడియో కాల్ చేస్తున్నాను. వాక్యం టైపు చేస్తూ ఉండగానే ఇదంతా నా తలలో నడుస్తోంది.

యజమాని ఒత్తిడిని పట్టుకోవడం నాకు తెలుసు. అది బయటి నుంచి వస్తుంది, దానికి గొంతు ఉంటుంది, డెక్కు మీద నిలబడి మాట్లాడుతుంది. ఇది అలా రాలేదు. పైగా ఓడను ఆపమని రాస్తే అందరూ నన్ను మెచ్చుకుంటారు. రిటైర్మెంటు దగ్గరకొచ్చినా ఎవరికీ లొంగలేదంటారు. నేను చూసిన ఆ నీడ లోహంలో ఉందో, నా కోరికలో ఉందో నాకే తెలియలేదు. ముప్పై ఏళ్ళకు పైగా నమ్ముకున్న కన్ను మీద నమ్మకం పోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మా నియమావళిలో రెండో సర్వేయర్‌ను పిలిపించుకునే వెసులుబాటు ఉంది. సాధారణంగా యార్డుతో గొడవ వచ్చినప్పుడు వాడతాం. సీనియర్లు దాన్ని వాడటం కాస్త నామోషీ. కోబే ఆఫీసుకు ఫోన్ చేసి, నకానిషి అనే సర్వేయర్‌ను మర్నాడు పంపమన్నాను. ఆయన నాతో సమానమైన హోదాలో ఉన్న మనిషి, పగుళ్ళ పని బాగా తెలిసినవాడు. ఎందుకని అడిగితే, మూడో హోల్డు మూల మీద స్వతంత్ర అభిప్రాయం కావాలన్నాను. నేనేం చూశానో చెప్పలేదు.

నకానిషి గారు పొద్దున రైల్లో వచ్చారు. నేను ట్యాంకులోకి ఆయనతో దిగలేదు. డెక్కు మీదే ఉండిపోయాను. కింద డాకులో మనుషులు చీమల్లా తిరుగుతున్నారు. దూరంగా దీవులు ఒకదాని వెనక ఒకటి, వెనక్కి పోయేకొద్దీ పలచబడుతున్నాయి. మితరాయ్ ఎటువైపు ఉందో మ్యాపులో చూసుకున్నాను. అక్కడి నుంచి కనపడదు. పగులు ఉందని ఆయన చెప్పాలని నేను కోరుకుంటున్నానని ఆ నిమిషంలో నాకు స్పష్టంగా తెలిసింది. మంచి ఓడకు పగులు ఉండాలని కోరుకుంటూ ఒక సర్వేయర్ డెక్కు మీద నిలబడి ఉంది. దానికంటే అధ్వాన్నమైన స్థితి మా వృత్తిలో లేదు.

ఆయన పెయింటు చెరిపించి, మళ్ళీ కొట్టించి, అయస్కాంతం రెండు దిక్కుల్లో పెట్టించి చూశారు. తర్వాత ధ్వని తరంగాలతో లోపలి దాకా పరీక్ష చేయించారు. పైకి వచ్చి హెల్మెట్ తీసి చెప్పిందేమంటే, పగులు లేదు, అరగదీసిన రాయి చివర్లో వదిలిన చిన్న గాడి ఉంది, పక్క నుంచి వెలుతురు పడితే నీడలా కనిపిస్తుంది, నున్నగా రుద్దితే చాలు. రుద్దించాక నేను దిగి చూశాను. నీడ లేదు. ఏ కోణం నుంచి చూసినా లేదు.

రిపోర్టులో సగం వాక్యం కొట్టేసి కొత్తది రాశాను. సంతకం పెట్టాను. రమణారెడ్డి రెండు చేతులూ జోడించాడు.

"థాంక్స్ మేడమ్. నిన్న మీరు కట్ చేయిస్తరనే ఫిక్స్ అయిపోయిన."

"నేనూ అలాగే ఫిక్స్ అయ్యాను," అన్నాను. అతను జోకు అనుకుని నవ్వాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నకానిషి గారు, అంత చిన్న గాడికి మీలాంటి వారు నన్ను ఎందుకు పిలిచారని మర్యాదగా అడిగారు. దాచాల్సిన అవసరం కనిపించలేదు. మా ఆయన సంగతి, మితరాయ్ సంగతి, రేకు మారిస్తే నాకు మిగిలే ఖాళీ రోజుల సంగతి చెప్పాను. ఆయన తన ఫోను తీసి నా టికెట్ వేళ అడిగారు, లెక్క చూసుకున్నారు. మితరాయ్‌కి వ్యవధి లేదని తేల్చారు. పని అయిపోయాక టికెట్ జరుపుకుని, ఇంటి దగ్గర సింధును ఇంకా ఆపలేను. అయితే రేపు పొద్దున ఎదురు దీవి ఎతజిమకు ఫెర్రీ ఉంది, పోవడానికి ఇరవై నిమిషాలు, అదే పడవలో తిరిగి వచ్చినా మీకు రైలు అందుతుంది, ఆ ఫెర్రీ ఎక్కండి అన్నారు.

ఆ సాయంత్రం డాకులోకి నీళ్ళు వదిలారు. ఓడ అడుగు కింద దిమ్మల మీంచి మెల్లగా లేచింది. అది లేచే క్షణం బయటికి తెలియదు. తాళ్ళు కాస్త సడలి మళ్ళీ బిగుసుకుంటాయి, అంతే.

మర్నాడు పొద్దున ఫెర్రీ ఎక్కి ఇంటికి వీడియో కాల్ చేశాను. సింధు ఎత్తింది.

"అమ్మా, ఎక్కడున్నావ్? సో విండీ! నాన్నా, లుక్, అమ్మ బోట్‌లో ఉంది."

ఫోను ఆయనకిచ్చింది. నేను ముందే చెప్పేశాను. "ఏవండీ, ఇది మితరాయ్ కాదు. అక్కడికి వెళ్ళడం కుదర్లేదు. ఓడ పాస్ అయిపోయింది, ఈ రోజే బయల్దేరుతున్నాను."

"పగులు లేదా?"

"లేదు."

"మంచిదే కదా," అన్నారు. మొహం పక్కకు తిప్పుకున్నారు. మళ్ళీ ఇటు తిరిగి, "చూపించు," అన్నారు.

ఫోను తిప్పి చూపించాను. బూడిదరంగు నేవీ ఓడలు, నల్లని సబ్‌మెరీన్ల వీపులు, షిప్‌యార్డు ఎర్ర క్రేన్లు, ముందు పచ్చని కొండలా ఎతజిమ. ఆయన ఒక్కొక్కటీ గుర్తుపడుతున్నారు. మాట దొరకనప్పుడు ఎడమచేతి వేలితో చూపిస్తున్నారు. ఆ వేలు ఎడిసన్‌లో మా హాల్లో ఉంది, చూపించేది నా ముందున్న నీళ్ళను.

"ఇంజిన్," అన్నారు.

"ఏంటండీ?"

"ఇంజిన్ దగ్గరికి... వెళ్ళు. వినాలి."

కింద కార్లు నిలిపే డెక్కులో ఇంజిన్ గది తలుపు ఉంది. పడవ మనిషికి సైగలతో చెప్పాను, ఫోనులో ఉన్న ఆయన్ను చూపించాను. అతను తలూపి తలుపు ఓరగా తీసిపెట్టాడు. వేడిగాలి, నూనె వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టాయి. ఫోను ఆ సందులో పట్టుకున్నాను. నాకు ఆయన గొంతు వినిపించదు, తెర మీద మొహం ఒక్కటే కనిపిస్తోంది. కళ్ళు మూసుకున్నారు. తల కొంచెం పక్కకు వాల్చి, మా పెళ్ళైన కొత్తలో ఓడలో చూశానే, డ్యూటీలో ఆయన నిలబడే పద్ధతి, సరిగ్గా అలా వింటున్నారు. సింధు వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పడవ దీవి రేవు చేరి ఇంజిన్ నెమ్మదించేదాకా నా చెయ్యి దించలేదు.

పైకి వచ్చాక అడిగాను, "ఎలా ఉందండీ?"

"ఒక సిలిండర్... సరిగ్గా కొట్టట్లేదు. చెప్పు వాళ్ళకి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రెండూ ఆయనకు చూపించలేదు. ఎతజిమలో దిగలేదు. అదే పడవలో వెనక్కి వచ్చి రైలెక్కాను.

నేను రిటైరయ్యాక కొత్త సర్వేయర్లకు పాఠాలు చెప్పడానికి రెండుసార్లు ఆఫీసుకు పిలిచారు. రెండుసార్లూ కురే సంగతి చెప్పాను. యజమాని తొందర పెడితే ఏం చెయ్యాలో పుస్తకాల్లో ఉంది. ఫలితం వల్ల మీకే మేలు జరిగేటప్పుడు ఏం చెయ్యాలో అంత స్పష్టంగా లేదు. ఆ మేలు ఎంత చిన్నదైనా, ఎంత మంచిదైనా, ఆ రోజుకు మీ కన్ను చాలదని ఒప్పుకుని ఇంకొకరిని పిలవండి, మీరు చూసింది వాళ్ళకు చెప్పకండి అన్నాను. వెనక వరసలో ఒకమ్మాయి, మేడమ్, పగులు నిజంగా ఉండి ఉంటే మీరు ఆ ఊరు వెళ్ళేవారా అని అడిగింది. వెళ్ళేదాన్ని, సంతోషంగా వెళ్ళేదాన్ని అన్నాను.

ఆ ఓడ తర్వాతి డాకింగులో మూడో హోల్డు మూల శుభ్రంగా ఉందని పాత సహోద్యోగి ఒకరు చెప్పారు. మితరాయ్ నేనింకా చూడలేదు. ఆయన్ను వదిలి అంతదూరం ఒంటరిగా వెళ్ళే వీలు ఇప్పుడు లేదు. ఆ ఊరికీ నా సంతకానికీ సంబంధం లేకుండా చూసుకోవడమే ఆ రోజు నేను చెయ్యాల్సిన ఉద్యోగం. అది చేశాను.